మిల్లు ఆగిపోయాక ఊరు ఎవరిది?

(కొండకల్‌లో రైతులు, కూలీలు, యువకులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. పత్రిక కోసం కొద్దిగా కుదించి ఇస్తున్నాం.)



నన్ను మాట్లాడమన్నది మన రైలు పెట్టెల ఫ్యాక్టరీ గురించి. మాట్లాడతాను. కానీ అంతకంటే ముందు ఒక కోత మిల్లు గురించి చెప్తాను. కట్టె కోసే మిల్లు. అది మన జిల్లాలోది కాదు, ఈ దేశంలోదీ కాదు. కెనడాలో, పసిఫిక్ సముద్రం ఒడ్డున ఉన్న వాంకూవర్ దీవిలోది. కానీ దాన్ని పెట్టింది పంజాబ్ రైతు బిడ్డలు. మిల్లు ముప్పై ఏళ్ళకు కొంచెం తక్కువ నడిచింది. దాని చుట్టూ ఒక ఊరు లేచింది. మిల్లు ఆగింది, ఊరు చెదిరిపోయింది. ఎక్కడో ఉన్న ఆ ఊరి సంగతి మనకెందుకని అడుగుతారేమో. మన ఊరి పొలిమేరలో ఫ్యాక్టరీ లేచింది కాబట్టి, అది నడుస్తున్నప్పుడే మనం అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఆ ఊరి కథలో ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను.

ఇక్కడున్న పిల్లల్లో కోత మిల్లు లోపలికి పోయి చూసినవాళ్ళు తక్కువే ఉంటారు. మా ముందు తరం వాళ్ళకు కోత అంటే గుంత కోత. దుంగను గుంత మీద పెట్టి, పైన ఒకరు, గుంతలో ఒకరు నిలబడి పొడుగు రంపం పట్టుకుని పొద్దంతా లాగేవాళ్ళు. కింద ఉన్నాయన కళ్ళనిండా పొట్టే. ఆ తర్వాత పట్నం దారుల్లో కరెంటు మిషన్లు వచ్చాయి. బండి మీద తుమ్మ మొద్దో వేప మొద్దో వేసుకుని పోతే కొద్దిసేపట్లో పలకలై వచ్చేవి. నాగలికి, గుంటుకకు తుమ్మ. దర్వాజకు టేకు దొరికితే టేకు, దొరకకపోతే వేప. ఆ పలకలను పనిముట్లు చేసేది మన వడ్లాయన. ఆయనకు ఏడాదికి ఇన్ని జొన్నలని కళ్ళం దగ్గర కొలిచేవాళ్ళం. మిల్లులో పడ్డ పొట్టును కూడా వదిలేవాళ్ళం కాదు, సంచుల్లో తెచ్చి పొట్టు పొయ్యిలో దట్టించి వండుకునేవాళ్ళం. అంటే ఒక్క రంపం ఆడితే రైతుకు, వడ్లాయనకు, కూలికి, వంటింటికి ఏదో ఒకటి దక్కేది.

ట్రాక్టర్ వచ్చాక కట్టె నాగలి పోయింది. ఇనుప తలుపులు, ప్లాస్టిక్ తలుపులు వచ్చాక దర్వాజ పనీ తగ్గింది. చట్టమూ మారింది. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవుల మీద పెద్ద ఉత్తర్వు ఇచ్చింది. 2002లో మళ్ళీ, తాను వేసిన కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేకుండా ఏ రాష్ట్రమూ కొత్త కోత మిల్లుకు ఒప్పుకోవద్దని చెప్పింది. అదే ఏడు మన దగ్గర వాల్టా చట్టం వచ్చి చెట్టు కొట్టాలంటే అనుమతి తప్పనిసరైంది. అడవి దొంగలను ఆపడానికి ఆ ఉత్తర్వు కావాల్సిందే, నేను కాదనను. గట్టు మీద తాను పెంచిన వేపకు రైతు ఆఫీసుల చుట్టూ తిరగడం, ప్లాట్లు చేసేవాడు మాత్రం రాత్రికి రాత్రే చింతతోపును చదును చేయడం ఏమిటన్నది వేరే సంగతి. దాని మీద ఇంకో రోజు కూర్చుందాం. ఇప్పుడు కెనడా పోదాం.

పంజాబ్‌లో హోషియార్‌పూర్ జిల్లా ఉంది. అక్కడ పాల్దీ అని ఒక ఊరు. ఆ ఊళ్ళో 1888లో పుట్టినాయన మాయో సింగ్. 1906లో, పద్దెనిమిదేళ్ళ వయసులో కెనడా ఓడ ఎక్కాడు. ఆ రోజుల్లో పంజాబ్ రైతు పరిస్థితి ఎట్లా ఉండేదో మన సంఘం సభ్యులకు కొత్తగా చెప్పనక్కరలేదు. అన్నదమ్ములు పంచుకుని పంచుకుని కమతం చిన్నదైపోయింది, శిస్తు తగ్గలేదు, షావుకారి పద్దు పెరిగింది. మాయో సింగ్ ఓడ ఎక్కిన మరుసటి ఏడే, 1907లో, అజిత్ సింగ్ లాంటివాళ్ళు రైతులను లేపి 'పగ్డీ సంభాల్ జట్టా' ఉద్యమం నడిపారు. కాలువ కింది భూముల మీద రైతు హక్కు తగ్గించే చట్టాన్ని అప్పటి వైస్రాయ్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అజిత్ సింగ్ అంటే భగత్ సింగ్‌కు సొంత చిన్నాయన. ఊళ్ళో ఉన్నవాళ్ళు అట్లా కొట్లాడారు. బతుకుతెరువుకు పోయినవాళ్ళు సముద్రం దాటారు. రెండూ ఒకే బాధలోంచి వచ్చినవే.

కెనడాలో వాళ్ళకు దొరికిన పని కోత మిల్లుల పని. ఆ పడమటి ఒడ్డున ఆకాశాన్ని అంటే డగ్లస్ ఫర్ చెట్లు. మనం చూసే టేకు వాటి పక్కన మొలక లాంటిది. కొట్టిన దుంగలను చెరువులో తేలేసి, నీళ్ళ మీదుగానే మిల్లు దగ్గరికి నెట్టేవాళ్ళు. గొలుసు లాగితే దుంగ పైకెక్కి రంపం ముందుకు వస్తుంది. పొట్టు, పెచ్చులే బాయిలర్‌కు మంట, ఆ ఆవిరే రంపానికి బలం. కోసిన పచ్చి పలకలు కదిలే గొలుసు మీద వరసగా వస్తుంటే కొలత చూసి లాగి పేర్చాలి. తడి పలక బరువు మీకు తెలుసు. ఆ చలిలో, ఆ వానలో, పది గంటలు లాగడం పంజాబీలకు దక్కిన పని. తెల్లవాళ్ళ కంటే తక్కువ కూలి. ఆ కాలంలో ఆ రాష్ట్రంలో అదే రివాజు.

రాష్ట్రం పేరు బ్రిటిష్ కొలంబియా. అక్కడ 1907లో భారతీయులకు ఓటు తీసేశారు. 1908లో ఇంకో నిబంధన పెట్టారు. స్వదేశం నుంచి మధ్యలో ఓడ మారకుండా నేరుగా వచ్చినవాళ్ళనే రానిస్తామన్నారు. మన దేశం నుంచి అట్లా నేరుగా నడిచే ఓడ లేదు. రావద్దని చెప్పకుండానే తలుపు మూశారన్నమాట. ఆ నిబంధనను ఎదిరించి 1914లో 376 మందితో కొమగాట మారు ఓడ పోతే, రెండు నెలలు రేవులోనే నిలబెట్టి వెనక్కి పంపారు. అక్కడ ముందే ఉన్నవాళ్ళ భార్యాపిల్లలను రానివ్వడానికి 1919 దాకా ఒప్పుకోలేదు. ఏళ్ళకు ఏళ్ళు మగవాళ్ళే బ్యారక్‌లలో, ఒకే వంటపొయ్యి మీద, పైసా పైసా కూడబెట్టి ఊరికి పంపుతూ బతికారు. మన పాలమూరు నుంచి బొంబాయి, పుణే పోయిన మేస్త్రీ కూలీల బతుకు తెలిసినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు.

అట్లాంటి చోట మాయో సింగ్, కపూర్ సింగ్ మొదలైన కొందరు పంజాబీలు తమ డబ్బు ఒక దగ్గర వేసి మిల్లు పెట్టారు. ముందు వేరే చోట చిన్న మిల్లు నడిపి చెయ్యి కాల్చుకుని పని నేర్చారు. 1917 ప్రాంతంలో వాంకూవర్ దీవికి మారి, డంకన్ పట్నం దగ్గర అడవిలో మాయో లంబర్ కంపెనీ మొదలుపెట్టారు. చుట్టూ చెట్టు, పక్కన రైలు దారి. రైలు దారి పక్కన మిల్లు ఎందుకు పెడతారో కొండకల్ వాళ్ళకు నేను చెప్పాలా? మన శంకర్‌పల్లి మీదుగా పోయే వాడి లైను 1874 నాటిది. సరుకు పోయే దారి ఉన్న చోటికే యంత్రం వస్తుంది.

మిల్లు మొదలైన రెండేళ్ళకే, 1919లో, గురుద్వారా కట్టుకున్నారు. ఇది నాకు బాగా నచ్చిన సంగతి. ఇళ్ళు ఇంకా సరిగ్గా లేవు, ఆడవాళ్ళు ఇంకా రాలేదు, కానీ అందరూ కూర్చుని తినే చోటు ముందు లేచింది. లంగర్‌లో ఎవరు వచ్చినా అన్నం పెడతారు. ఆ మిల్లులో పంజాబీలే కాదు, జపాన్ వాళ్ళు, చైనా వాళ్ళు, తెల్లవాళ్ళు కూడా పనిచేశారు. పెళ్ళాం పిల్లలు వచ్చాక బడి వచ్చింది, దుకాణం వచ్చింది, పోస్టాఫీసు వచ్చింది. పిల్లలంతా ఒకే బడిలో చదివారు, ఒకరి ఇంట్లో ఒకరు తిన్నారు. అక్కడ పెరిగిన పిల్లలు ముసలివాళ్ళయ్యాక కూడా ఆ సంగతే తలుచుకున్నారు. ఒక దశలో ఆ ఊళ్ళో పదిహేను వందల మంది దాకా ఉండేవాళ్ళంటారు.

అంతా బాగుందని చెప్పడం లేదు. బ్యారక్‌లు జాతికొకటి వేరుగానే ఉండేవి. ఎవరు ఏ పని చేయాలన్నది కూడా చాలావరకు పుట్టుకను బట్టే. మన ఊళ్ళో వాడలు వేరుగా ఉన్నట్టే. అయినా ఆ కాలపు కెనడాలో, పక్క పట్నంలో పంజాబీని మనిషిగానే చూడని రోజుల్లో, అట్లాంటి ఊరు ఒకటి ఉండడం చిన్న విషయం కాదు.

మొదట ఆ ఊరినీ మాయో అనే పిలిచేవాళ్ళు. కెనడాలోనే యూకాన్ ప్రాంతంలో ఇంకో మాయో ఉండడంతో ఉత్తరాలు తప్పిపోతున్నాయని 1936లో పేరు మార్చారు. ఆయన పుట్టిన ఊరి పేరు పెట్టారు. పాల్దీ. పంజాబ్‌లో ఇల్లు వదిలి వచ్చిన మనిషి, పరాయి దేశపు పటంలో తన ఊరి పేరు రాయించాడు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి.

1942లో, రెండో ప్రపంచ యుద్ధంలో, జపాన్‌తో యుద్ధం వచ్చిందని కెనడా ప్రభుత్వం ఆ ఒడ్డున ఉన్న జపాన్ సంతతి వాళ్ళందరినీ ఇరవై వేలకు పైగా మందిని ఇళ్ళలోంచి లేపి లోతట్టు శిబిరాలకు తోలింది. అందులో చాలామంది అక్కడే పుట్టిన పౌరులు. పాల్దీలో ఉన్న జపాన్ కుటుంబాలు కూడా పోయాయి. నిన్నటి దాకా పక్క బల్ల మీద కూర్చున్న పిల్లలు తెల్లారేసరికి బడికి రాలేదు. ఆ ఒడ్డున వాళ్ళ ఇళ్ళు, పొలాలు, పడవలు ప్రభుత్వం స్వాధీనం చేసుకుని అమ్మేసింది. వాళ్ళను మళ్ళీ సముద్రం ఒడ్డుకు రానిచ్చింది 1949లో. ప్రభుత్వం తప్పయిందని చెప్పింది 1988లో. వాళ్ళ దగ్గర భూమి కాగితాలు ఉన్నాయి. ఓటు లేదు. ఓటు లేనివాడి కాగితానికి ఎంత విలువ ఉంటుందో అప్పుడు తెలిసింది.

1945లో మిల్లు ఆగింది. దగ్గరలోని చెట్టు అయిపోతే ఏ కోత మిల్లయినా అంతే, చెట్టు ఉన్న వైపు జరుగుతుంది, లేదా మూతపడుతుంది. పని లేకపోతే జనం ఉండరు. ఒక్కో కుటుంబం డంకన్‌కో, విక్టోరియాకో, వాంకూవర్‌కో పోయింది. పాల్దీ కంపెనీ ఊరు. ఇళ్ళు మిల్లు పనికి కట్టినవి, పని ఉన్నన్నాళ్ళు ఉండడానికి. పలకలు లాగి లాగి నడుం వంగినాయనకు ఆ నేల మీద చెప్పుకోవడానికి ఏమీ లేదు. కాలం గడిచేకొద్దీ ఇళ్ళు ఒక్కొక్కటే పోయాయి. మిగిలింది గురుద్వారా. ఇప్పుడున్న కట్టడం 1959 నాటిది. ఏటా జూలై మొదట్లో అక్కడ మేళా జరుగుతుంది, చెదిరిపోయిన కుటుంబాల మనుమలు, మునిమనుమలు వచ్చి లంగర్‌లో తిని పోతారు.

భారతీయులకు ఆ రాష్ట్రంలో ఓటు తిరిగి వచ్చింది 1947లో. అంటే మిల్లు ఆగిన రెండేళ్ళకు. మిల్లు నడిచిన కాలమంతా, కూలీలకే కాదు, మిల్లు యజమానికి కూడా ఓటు లేదు! ఆస్పత్రులకు చందాలిచ్చాడు, వందల మందికి పని ఇచ్చాడు, 1955లో చనిపోయాడు. బతుకులో ఎక్కువ భాగం ఆ ప్రభుత్వం దృష్టిలో ఆయన లెక్కలో లేని మనిషే.

అదే సముద్రం ఒడ్డున, కొంచెం దక్షిణాన, అమెరికాలో ఒరెగాన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడా పంజాబీలు కోత మిల్లుల్లోనే పనిచేశారు. వాళ్ళలో అమృత్‌సర్ జిల్లా భక్నా ఊరి రైతు సోహన్ సింగ్ ఒకడు. ఆ మిల్లు కూలీలు 1913లో ఆస్టోరియా పట్నంలో సభ పెట్టుకున్నారు, సోహన్ సింగ్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. మనం చరిత్ర పుస్తకాల్లో గదర్ పార్టీ అని చదివింది ఆ కదలికే. పొద్దున పలకలు లాగి, సాయంత్రం చందాలు వసూలు చేసి నడిపిన పార్టీ అది. చదువుకోవడానికి అమెరికా పోయిన మన తెలుగాయన, కనిగిరి వాసి దరిశి చెంచయ్య, అందులో చేరి జైలుకు పోయాడు. సోహన్ సింగ్ చాలా ఏళ్ళు జైళ్ళలో, అండమాన్‌లో ఉండి వచ్చి, మళ్ళీ రైతుల్లోనే, కిసాన్ సభలోనే పనిచేశాడు. కోత మిల్లు కూలీ రైతు నాయకుడయ్యాడు. పాల్దీ వాళ్ళు మిల్లు పెట్టారు, ఆస్టోరియా వాళ్ళు సంఘం పెట్టారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని నేను అడగను. మిల్లు ఉన్న చోట సంఘం కూడా ఉండాలని మాత్రం అంటాను.

ఇప్పుడు మన కొండకల్.

రైలు పెట్టెల ఫ్యాక్టరీ అనే మాట తెలంగాణలో కొత్తది కాదు. 1980లలో కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ వస్తుందని ఆశపడ్డాం. అది పంజాబ్‌లో కపుర్తలాకు పోయింది. పాల్దీ ఉన్న హోషియార్‌పూర్ ఆ పక్క జిల్లాయే, చూడండి విచిత్రం. నలభై ఏళ్ళ తర్వాత, 2023 జూన్ 22న, మన కొండకల్‌లో ప్రైవేటు రంగంలో కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమైంది. మన ఊరి పేరు పేపర్లో పడితే అందరం సంతోషపడ్డాం. నేనూ పడ్డాను. ఫ్యాక్టరీ వద్దని చెప్పే మనిషిని కాదు. ఆ ఫ్యాక్టరీ వాళ్ళు ఫలానా తప్పు చేశారని ఆరోపించడానికీ రాలేదు. అడగాల్సినవి సమయానికి అడగకపోతే, తర్వాత అడగడానికి మనుషులే మిగలరని పాల్దీ చెప్తున్నది.

మొదటిది భూమి. ఇక్కడ గానీ, చుట్టుపక్కల గానీ, ఇంకో కంపెనీ కోసం, రోడ్డు కోసం, ఇంకో జోన్ కోసం భూమి అడుగుతారు. అడగకుండా ఉండరు. 2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని రెండో షెడ్యూల్ ప్రతి ఒక్కరూ చదివించుకుని వినాలి. ప్రాజెక్టు వల్ల ఉద్యోగాలు వచ్చేచోట, దెబ్బతిన్న కుటుంబంలో కనీసం ఒకరికి శిక్షణ ఇచ్చి, కనీస వేతనానికి తగ్గకుండా ఉద్యోగం ఇవ్వాలి. లేదా కుటుంబానికి ఒకేసారి 5 లక్షలు ఇవ్వాలి. లేదా ఇరవై ఏళ్ళు నెలకు 2,000 తగ్గకుండా, ధరలతో పాటు పెంచుతూ ఇవ్వాలి. ఏది కావాలో ఎంచుకోవచ్చు. దెబ్బతిన్న కుటుంబం అంటే పట్టాదారు ఒక్కడే కాదు. మూడేళ్ళుగా ఆ భూమి మీద బతికిన కూలీ, కౌలుదారు, చేతిపని చేసుకునేవాళ్ళు అందరూ అందులోకి వస్తారు. మన వడ్లాయన కూడా వస్తాడు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. మనంతట మనమే ఇష్టపడి అమ్ముకున్నామని సంతకం పెడితే ఈ లెక్క మారిపోతుంది. మన రాష్ట్రంలో 2015లో జీవో 123 అని తెచ్చి, అట్లాగే ఒప్పందాల మీద భూములు తీసుకున్నారు. దాని మీద హైకోర్టుకు పోయింది పెద్ద రైతులు కాదు, జహీరాబాద్ వైపు నిమ్జ్ కింద పని పోతుందన్న వ్యవసాయ కూలీలు. 2016 ఆగస్టులో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తర్వాత 2017లో ప్రభుత్వం చట్టానికే సవరణ తెచ్చుకుని, ఒప్పందంతో తీసుకునే దారి మళ్ళీ తెరిచింది. కాబట్టి ఎవరైనా కాగితం తెచ్చి 'ఉత్త ఫార్మాలిటీ' అంటే, ఆ రాత్రి సంతకం పెట్టకండి. పొద్దున సంఘం వాళ్ళకు చూపించండి.

అసైన్డ్ భూమి ఉన్నవాళ్ళకు ఇంకో మాట. 'సర్కారు ఇచ్చింది, సర్కారు తీసుకుంటుంది, మీకు నష్టపరిహారమేంది' అని గదమాయించేవాళ్ళు ఉంటారు. 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఉంది. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి వెనక్కి తీసుకున్నా, పట్టా భూమి యజమానితో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఆ కేసులో ఎదురు పక్షం ఎవరో తెలుసా? చేవెళ్ళ డివిజన్ భూసేకరణ అధికారి, ఆర్డీవో. అంటే రాష్ట్రమంతా ఉదహరించే తీర్పు మన చేవెళ్ళ పేదలు కొట్లాడి తెచ్చింది. ఇక్కడి పిల్లలకు ఈ సంగతి తెలియకపోవడం నాకు కొంచెం కష్టంగా ఉంటుంది. ఎకరం రేటు ఎంతో ప్రతి పిల్లాడికి తెలుసు, ఈ తీర్పు తెలియదు.

రెండోది పని. పాల్దీలో పని ఉన్నన్నాళ్ళు ఇల్లు, పని పోతే ఇల్లు పోయింది. మన దగ్గర ఇల్లు మనదే, సంతోషం. కానీ ఊరి పిల్లలకు ఫ్యాక్టరీల్లో దొరికేది ఏ పని? గేటు దగ్గర కాపలా, తోట పని, ఊడ్చే పని, క్యాంటీన్ పని. అది కూడా కాంట్రాక్టరు కింద. రైలు పెట్టె చేయడానికి వెల్డింగ్ రావాలి, ఫిట్టర్ పని రావాలి, వైరింగ్ రావాలి. 'మావాడు లోకల్, పని ఇవ్వండి' అని గేటు ముందు నిలబడితే సరిపోదు. అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థ తన సిబ్బందిలో రెండున్నర శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఇది దయ కాదు, చట్టం. మన పిల్లలను ఐటీఐలో చేర్పించి, అప్రెంటిస్‌కు పేరు నమోదు చేయించి, ఎంతమందిని తీసుకుంటున్నారో ఏటా లెక్క అడగాలి. ఆడపిల్లలను కూడా. వెల్డింగ్ ఆడపిల్లల పని కాదనే మాట ఈ సమావేశంలో ఎవరూ అనకండి.

పాత రోజుల్లో రైలు పెట్టెల ఒళ్ళంతా కట్టెతోనే చేసేవాళ్ళు. అప్పుడు వడ్లాయన చేతికి అక్కడ పని ఉండేది. 1955లో పెరంబూర్ ఫ్యాక్టరీ తెరిచినప్పటి నుంచి ఉక్కు పెట్టెలు వచ్చాయి. పని పోలేదు, చేతిలో పనిముట్టు మారింది. మారినప్పుడు నేర్పినవాళ్ళకు పని దొరికింది, నేర్పనివాళ్ళకు పోయింది, అంతే.

మూడోది ఊరి పెట్టె. ఫ్యాక్టరీ వస్తే ఊరికి పన్ను వస్తుందని అందరం అనుకుంటాం. పారిశ్రామిక వాడల్లో చాలా చోట్ల పన్ను వసూలు చేసేది పంచాయతీ కాదు, ఐలా అనే వేరే స్థానిక సంస్థ. అందులోంచి కొంత భాగమే ఊరికి వస్తుంది. మన పరిధిలోని పరిశ్రమల పన్ను ఎవరు వసూలు చేస్తున్నారు, ఊరి వాటా ఎంత, ఎప్పుడు జమ అయ్యింది, ఈ మూడూ రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది. ఆ ప్రాంతం అంటే ఎవరు? మనమే కదా! ఏం కావాలో మనం అడగకపోతే వాళ్ళు రంగులేసి బెంచీలు వేయించి ఫోటో దిగి పోతారు. బడికి గదులు కావాలా, చెరువుకు పూడిక తీయాలా, లారీలు తిరిగే దారిలో కాలిబాట కావాలా అన్నది మనం తేల్చుకోవాలి.

ఇవన్నీ అడగాల్సిన చోటు ఏది? గ్రామసభ. పాల్దీ వాళ్ళకు ఓటు లేదని చెప్పాను. మనకు ఓటు ఉంది, సభ ఉంది. ఎన్నాళ్ళు ఉంటుందో చూసుకోవాలి. చేవెళ్ళ, మొయినాబాద్ 2025లో మున్సిపాలిటీలయ్యాయి. మున్సిపాలిటీ అయితే వీధి దీపాలు, రోడ్లు బాగుపడతాయని కొందరు సంతోషపడ్డారు, తప్పు లేదు. కానీ గ్రామసభ ఉండదు. ఉపాధి హామీ పని ఉండదు. ఇంటి పన్ను, అనుమతుల లెక్క మారుతుంది. పట్నం మన వైపు నడిచి వస్తున్నది, ఇవాళ కాకపోతే రేపు ఆ కాగితం మన ఊరికీ వస్తుంది. అది వచ్చేలోపు గ్రామసభ పుస్తకంలో ఏ తీర్మానాలు ఎక్కించుకుంటామన్నది మన చేతిలో ఉంది. సంతకాల కోసం పుస్తకం ఇంటింటికి తిప్పి, జరగని సభ జరిగినట్టు రాసుకునే అలవాటు చాలా ఊళ్ళలో చూశాం. ఈసారి అట్లా వద్దు. వంద మంది కూర్చుని, ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చుని, ఒక్కో మాట చదివించుకుని సంతకం పెడదాం.

కొందరు తమ్ముళ్ళు నన్ను అడిగారు, 'కాకా, భూములు ఇప్పటికే సగం పోయాయి, ఇప్పుడు ఈ మాటలెందుకు' అని. సగం ఇంకా ఉంది కాబట్టి. పోయిన సగం మీద బతికిన కూలీలు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు కాబట్టి. పాల్దీలో మిల్లు ఆగిన రోజు కూలీలకు 'మా లెక్క ఏది' అని అడగడానికి కాగితమూ లేదు, సభా లేదు. మనకు రెండూ ఉన్నాయి.

వచ్చే గ్రామసభలో సంఘం తరఫున మూడు దరఖాస్తులు ఇస్తున్నాం. పరిశ్రమల పన్ను లెక్క మీద ఒకటి, అప్రెంటిస్‌ల లెక్క మీద ఒకటి, భూమి పోయి ఇంకా పరిహారం గానీ పని గానీ అందని కుటుంబాల పేర్ల మీద ఒకటి. మూడోదానికి పేర్లు కావాలి. పాస్‌బుక్ ఉన్నా లేకపోయినా రండి. కౌలుకు చేసినవాళ్ళు, కూలికి పోయినవాళ్ళు కూడా రండి. అసైన్డ్ పట్టా కాగితం చినిగిపోయి ఉన్నా పారేయకండి, అట్లాగే పట్టుకు రండి. రాయడం రానివాళ్ళకు రాసిపెట్టడానికి డిగ్రీ చదువుతున్న మన ఇద్దరు ఆడపిల్లలు ఆదివారం పొద్దున నుంచి పంచాయతీ ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చుంటారు. ఆధార్ జిరాక్స్ ఒకటి మర్చిపోకండి.